చుక్క జరిగితే హక్కు జారుతుంది
దశాంశాల గుణకారం - జకాత్ నుంచి కిరాణా దాకా

గత రంజాన్ మాసంలో ఒక సాయంత్రం. అసర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వీధి అరుగు మీద ఒక పెద్దావిడ మా కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి. చేతిలో నోటుబుక్కులోంచి చింపిన కాగితం, కొంగుముడిలో ఒక బంగారు గాజు.

"భాయ్ సాబ్, మా మనవడు జకాత్ లెక్క కట్టాడు. నలభై ఆరు వేల నూట యాభై రూపాయలట. చేతిలో అంత లేదు. ఈ గాజు అమ్మేద్దామనుకుంటున్నా. మంచి కొట్టేదో చెప్పండి" అంది.

మేము కాగితం చూశాం. పోస్టాఫీసులో దాచుకున్నది, చేతిలో ఉన్నది, గాజు విలువ అన్నీ కలిపి 1,84,600 రూపాయలు. మనవడు తొమ్మిదో తరగతి. కూడికలో ఎక్కడా పొరపాటు లేదు. కానీ రెండున్నర శాతాన్ని 0.25 అని రాసి గుణించాడు. రాయవలసింది 0.025. చుక్క తర్వాత ఒక సున్నా జారిపోయింది. ఆమె ఇవ్వవలసింది 46,150 రూపాయలు కాదు, 4,615 రూపాయలు మాత్రమే.

"ఖాలా, గాజు చేతికి వేసుకోండి" అన్నాం. ఆమె నమ్మలేదు. "అల్లాహ్ సొమ్ము దగ్గర తక్కువ చేయకండి భాయ్" అంది. అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాం. జకాత్ అంటే నలభయ్యో వంతు. 1,84,600ను నలభైతో భాగిస్తే వచ్చేదీ అదే 4,615. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చాక గానీ ఆమె ముఖం తేటపడలేదు.

ఇది జరిగిన వారానికే దీనికి పూర్తిగా ఎదురు సంగతి ఒకటి మా ఎదుటికి వచ్చింది. పరిచయమున్న కిరాణా వ్యాపారి ఒకరు కొట్టులోని సరుకు, నగదు కలిపి 12,40,000 రూపాయలుగా తేల్చుకున్నారు. జకాత్ 3,100 రూపాయలు అయిందన్నారు. ఆయన గల్లాపెట్టె పక్కన అంటించుకున్న చీటీలో 0.0025 అని ఉంది. అసలు లెక్క 31,000. అంటే 27,900 రూపాయలు బీదల హక్కు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన మోసగాడు కాదు. వారం తిరగకుండానే మిగతా సొమ్మంతా అర్హులకు అందజేశారు. కానీ ఎవరూ చూడకపోతే ఆ చీటీ ఇంకా ఎన్నేళ్లు ఆ గోడ మీద ఉండేదో!

ఒకరిది పది రెట్లు ఎక్కువ, మరొకరిది పదో వంతు. ఇద్దరి మనసూ మంచిదే. తేడా అంతా ఆ చిన్న చుక్కలోనే. అందుకే ఈ వారం మన పేజీలో ఆ చుక్క గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పెద్దలు నేర్చిన లెక్క

దశాంశాలు బడిపిల్లల సొత్తనీ, మనకెందుకులే అనీ పెద్దవాళ్లు అనుకుంటారు. నిజానికి మన పెద్దలకు ఇవి కంఠస్థం. పూర్వం మన ఇళ్లలో పౌనా, సవాయా, డేఢ్, ఢాయా ఎక్కాలు పిల్లలచేత వల్లె వేయించేవారు. పౌనా అంటే ముప్పావు, 0.75. సవాయా అంటే ఒకటింపావు, 1.25. డేఢ్ అంటే ఒకటిన్నర, 1.5. ఢాయా అంటే రెండున్నర, 2.5. తెలుగువారికి పావు, అర, ముప్పావు ఎలాగో ఇవీ అలాగే. పేర్లు వేరు, లెక్క ఒక్కటే.

అప్పటి రూపాయికి పదహారణాలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. పావలా 0.25 రూపాయి అయింది, బేడ 0.125 అయింది. శేర్లు, మణుగులు పోయి కిలోలు, మీటర్లు వచ్చాయి. అప్పటి నుంచీ చుక్క మన బజారులోకి అడుగుపెట్టింది. ఇప్పుడు ప్రతి కొట్టులోనూ కరెంటు కాటా ఉంది. అందులో కనిపించేదంతా చుక్కల లెక్కే. ఎక్కాలు మరిచిపోయాం, కాటా చూపే అంకెను నమ్మడం అలవాటు చేసుకున్నాం. చిక్కు అక్కడే వచ్చింది.

గుణకారం ఎలా చేయాలి?

పద్ధతి చాలా సులువు. మొదట చుక్కలను పక్కనపెట్టి మామూలు అంకెల్లా గుణించాలి. తర్వాత రెండు అంకెల్లోనూ చుక్కకు కుడివైపున మొత్తం ఎన్ని స్థానాలున్నాయో లెక్కపెట్టాలి. జవాబులో కుడి నుంచి అన్ని స్థానాలు వదిలి చుక్క పెట్టాలి. ఇంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. పండుగకు కమీజు గుడ్డ 2.25 మీటర్లు కావాలి. మీటరు 84.50 రూపాయలు. చుక్కలు తీసేస్తే 225, 8450. గుణిస్తే 19,01,250. మొదటి అంకెలో చుక్క తర్వాత రెండు స్థానాలు, రెండో అంకెలో రెండు, మొత్తం నాలుగు. కుడి నుంచి నాలుగు వదిలితే 190.1250. అంటే నూట తొంభై రూపాయల పన్నెండున్నర పైసలు. 25 పైసలు, అంతకు లోపు నాణేల చెలామణీ 2011 జూన్ 30తో ఆగిపోయింది కనుక నూట తొంభై రూపాయలు ఇస్తే సరిపోతుంది.

అయితే గుణించడానికి ముందే చేయవలసిన పని ఒకటి ఉంది. అదే అంచనా. రెండు మీటర్ల పైచిలుకు గుడ్డ, మీటరు ఎనభై అయిదు లోపు. రెండెనభయ్యైదులు నూట డెబ్బై, దానిపైన ఇంకో పావు మీటరు. కాబట్టి జవాబు నూట తొంభై దరిదాపుల్లో ఉండాలి. పందొమ్మిది అని వచ్చినా, పందొమ్మిది వందలు అని వచ్చినా చుక్క తప్పిందన్నమాట. కుట్టుమిషను ఖాలాగారి మనవడు ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు. లక్షా ఎనభై వేలలో నూటికి రెండున్నర చొప్పున తీస్తే నలభై ఆరు వేలు ఎలా అవుతుంది? అది పావు వంతు కదా!

చాలామందిని తికమకపెట్టే సంగతి మరొకటుంది. గుణిస్తే అంకె పెరగాలని అందరి నమ్మకం. కానీ ఒకటి కంటే తక్కువ అంకెతో గుణిస్తే తగ్గుతుంది. కిలో మాంసం 780 రూపాయలైతే ముప్పావు కిలో 0.75 x 780, అంటే 585 రూపాయలు. తగ్గిందని కంగారు పడనక్కర్లేదు. కిలో కంటే తక్కువ తీసుకున్నాం, ధరా తగ్గింది. అదే కిలోపావు తీసుకుంటే 1.25 x 780, అంటే 975 రూపాయలు.

కాటా మీది అంకె చదివేటప్పుడు కూడా కాస్త నిదానం కావాలి. 0.35 అన్నా 0.350 అన్నా ఒక్కటే, మూడువందల యాభై గ్రాములు. చివరి సున్నా వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ 0.305 వేరు. అది మూడువందల అయిదు గ్రాములే. మధ్యలో ఉన్న సున్నాకూ చివర ఉన్న సున్నాకూ నలభై అయిదు గ్రాముల తేడా ఉంది.

మనవారు చూపిన బాట

ఈ చుక్క కథలో మన పూర్వీకుల పాత్ర తక్కువేమీ కాదు. అంకెలు, సున్నా, స్థానాన్ని బట్టి విలువ అన్న పద్ధతి భారతదేశం నుంచి అరబ్బులకు అందాయి. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ వాటిని వివరిస్తూ గ్రంథం రాశారు. పదో శతాబ్దిలో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ అనే గణిత పండితుడు భారతీయ లెక్కల విధానం మీద ఒక పుస్తకం రచించారు. హిజ్రీ 341, అంటే క్రీస్తుశకం 952-53 ప్రాంతపు మాట. ఒకటి కంటే చిన్న భాగాలను కూడా పదుల పద్ధతిలోనే రాయవచ్చని అందులో చూపించారు. ఒకట్ల స్థానం ఎక్కడ ముగుస్తుందో తెలియడానికి ఆ అంకె మీద చిన్న గీత గుర్తు పెట్టారు. మన చుక్కకు అది పెద్దన్న లాంటిది.

ఆయన ఇచ్చిన ఒక లెక్క ఈనాటి వ్యాపారికీ పనికొస్తుంది. 135కు దాని పదో వంతు కలపాలి. వచ్చినదానికి మళ్లీ దాని పదో వంతు కలపాలి. ఇలా అయిదుసార్లు చేయాలి. అంటే అయిదుసార్లు 1.1తో గుణించడమే. 148.5, 163.35, 179.685, 197.6535, చివరకు 217.41885. ఏటా పది శాతం పెరిగే ఇంటి అద్దె అయిదేళ్లకు ఎంతవుతుందో తెలుసుకోవాలన్నా లెక్క ఇదే. అయిదు పదులు యాభై శాతం పెరుగుతుందనుకునేవారికి చిన్న సూచన. పెరిగేది యాభై కాదు, అరవై ఒక్క శాతం.

తర్వాత సమర్‌కంద్‌లో అల్ కాషీ 1427లో పూర్తి చేసిన 'మిఫ్తాహుల్ హిసాబ్' గ్రంథంలో దశాంశాల గుణకార భాగహారాలను క్రమపద్ధతిలో వివరించారు. ఖగోళ శాస్త్రజ్ఞులకే కాక కట్టడాలు కట్టేవారికీ, వ్యాపారులకూ, లెక్కలు రాసేవారికీ ఉపయోగపడేలా ఆయన దాన్ని రూపొందించారు. ఐరోపాలో సైమన్ స్టెవిన్ దశాంశాల మీద చిన్న పుస్తకం ప్రచురించింది 1585లో. దీన్ని గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. తాతల తెలివి తాతలదే. మన ఇంట్లో మనం లెక్క సరిగా కట్టుకుంటేనే అది మనది.

నిసాబ్ కూడా గుణకారమే

జకాత్ ఎవరి మీద విధి అవుతుందో తేల్చే హద్దు నిసాబ్. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే లెక్క ప్రకారం బంగారమైతే ఏడున్నర తులాలు, వెండి అయితే యాభై రెండున్నర తులాలు. పాత తులం అంటే 11.664 గ్రాములు. గుణించి చూద్దాం. 7.5 x 11.664 అంటే 87.48 గ్రాముల బంగారం. 52.5 x 11.664 అంటే 612.36 గ్రాముల వెండి.

ఇక్కడొక పెద్ద పొరపాటు పొంచి ఉంది. ఈరోజు బంగారం కొట్లో తులం అంటే పది గ్రాములే. వాడుకలో అలా స్థిరపడిపోయింది. ఆ తులంతో లెక్కవేస్తే ఏడున్నర తులాలకు 75 గ్రాములే వస్తాయి. అసలు నిసాబుకు అది 12.48 గ్రాములు తక్కువ. కాబట్టి జకాత్ లెక్కలో తులాల మాట వదిలేసి గ్రాములు పట్టుకోవడమే క్షేమం.

నగదు ఉన్నవారు వెండి నిసాబుతో పోల్చుకుంటారు. గ్రాము వెండి 150 రూపాయలనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న ధర మాత్రమే, ఆ రోజు ధర ఎవరికి వారు కనుక్కోవాలి. 612.36 x 150 అంటే 91,854 రూపాయలు. అప్పులు పోగా అంతకు మించిన సొమ్ము చాంద్రమాన సంవత్సరం గడిచినా నిలిచి ఉంటే మొత్తాన్ని 0.025తో గుణించాలి.

వ్యాపారులు కొందరు ఆదాయపు పన్ను లెక్కలతోపాటు మార్చి నెలాఖరున జకాత్ కూడా తేల్చుకుంటారు. ఆ సంవత్సరం చాంద్రమానం కంటే సుమారు పదకొండు రోజులు ఎక్కువ. అందుకని అలా లెక్కించేవారు 2.5 శాతం బదులు సుమారు 2.577 శాతం తీయాలని ఈ కాలపు పండితులు సూచిస్తున్నారు. 1,84,600కు ఆ లెక్కన 0.02577తో గుణిస్తే 4,757 రూపాయల 14 పైసలు. తేడా 142 రూపాయలే. కానీ ఆ 142 కూడా ఎవరో ఒక బీదవాడి హక్కే. ఏ ఆస్తి మీద ఎంత అన్నదానిలో సందేహం ఉంటే దగ్గరలోని ఆలిమ్‌ను అడగండి. చుక్క సంగతి మాత్రం మీరే చూసుకోండి.

ఫిత్రా లెక్క ఇంకా సులువు. మీ మస్జిదులో తలకు 1.75 కిలోల గోధుమలని ప్రకటించారనుకుందాం. ఇంట్లో ఆరుగురు. 6 x 1.75 అంటే 10.5 కిలోలు. కిలో 42 రూపాయలైతే 10.5 x 42, అంటే 441 రూపాయలు. పండుగ నమాజుకు ముందే ఇచ్చేయాలి కనుక ఈ లెక్క చాంద్‌రాత్ దాకా వాయిదా వేయకండి.

పెళ్లి నగ, "రెండు శాతమే కదా"

ఆడపిల్ల పెళ్లికి కొట్టుకు వెళ్లే తల్లిదండ్రులు ఎక్కువగా నష్టపోయేది తరుగు దగ్గర. 12.35 గ్రాముల గొలుసు, గ్రాము 9,000 రూపాయలనుకుందాం. బంగారం ఖరీదు 12.35 x 9,000, అంటే 1,11,150. తరుగు 12 శాతమన్నారు. 12.35 x 0.12 అంటే 1.482 గ్రాములు, దాని ఖరీదు 13,338. రెండూ కలిపి 1,24,488. దాని మీద జీఎస్టీ 3 శాతం, 0.03తో గుణిస్తే 3,734 రూపాయల 64 పైసలు. మొత్తం 1,28,222 రూపాయల 64 పైసలు.

ఇప్పుడు ఇంకో డిజైను చూపించి, "ఇది పద్నాలుగు శాతం, రెండే తేడా" అంటారు. ఆ రెండు శాతం అంటే 12.35 x 0.02, 0.247 గ్రాము. ఖరీదు 2,223 రూపాయలు. దాని మీద పన్ను కలిపితే 2,289 రూపాయల 69 పైసలు. నచ్చితే ఇవ్వవచ్చు, తప్పు లేదు. కానీ ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. నగలో రాళ్లుంటే వాటి బరువు తీసేశాకే బంగారం ధరతో గుణించాలి. హాల్‌మార్కు మీద 916 అని ఉంటే వెయ్యిలో 916 వంతులు మేలిమి అని అర్థం. పై గొలుసులో మేలిమి 12.35 x 0.916, అంటే 11.3126 గ్రాములు.

యాభై బీడీలు

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాల్లో, పద్మశాలీ కుటుంబాల్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుకుంటున్నారు. అక్కడ కూలి వెయ్యి బీడీలకు ఇంత అని ఉంటుంది. వెయ్యికి 250 రూపాయలనుకుందాం. ఒకరోజు 850 చుట్టిన తల్లికి 0.85 x 250, అంటే 212 రూపాయల 50 పైసలు రావాలి. వారం మొత్తం 4,350 చుడితే 4.35 x 250, అంటే 1,087 రూపాయల 50 పైసలు. లెక్క రాసేవాడు 4.3 అని రాసుకుంటే 1,075 రూపాయలే చేతికొస్తాయి. "యాభై బీడీలే కదమ్మా" అంటాడు. వారానికి పన్నెండున్నర రూపాయలు. యాభై వారాలకు 625 రూపాయలు. రెండున్నర వేల బీడీలు చుట్టిన కష్టం అది. బడికి వెళ్లే కూతురు పక్కన కూర్చుని ఈ లెక్క కడితే ఆ యాభై బీడీలు కూడా పుస్తకంలోకి ఎక్కుతాయి.

అమ్మేవారికి ఒక మాట

దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా పేరే 'అల్ ముతఫ్ఫిఫీన్'. తూకంలో, కొలతలో కోతపెట్టేవారు అని దాని అర్థం. తూకం ఎంత పెద్ద సంగతో చెప్పడానికి ఇది చాలు. ఈ రోజుల్లో కోత తక్కెడ కిందనే ఉండదు, చుక్క పక్కన కూడా ఉంటుంది. మిఠాయిని అట్టపెట్టెతో సహా తూస్తే ఏమవుతుందో చూడండి. పెట్టె బరువు 0.060 కిలో, మిఠాయి కిలో 600 రూపాయలైతే 0.060 x 600, అంటే 36 రూపాయలు. అట్టకు మిఠాయి ధర! ఖాళీ పెట్టెను ముందు కాటా మీద పెట్టి సున్నా చేసుకుని, ఆ తర్వాతే మిఠాయి పెట్టాలి. కొనేవారు అడగడానికి మొహమాటపడకూడదు, అమ్మేవారు అడిగించుకోకూడదు.

ఇంట్లో ఈ శుక్రవారమే

పాఠకులకు మా మనవి ఒక్కటే. జుమా నమాజు తర్వాత భోజనాలు చేసి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. ఆ వారం కిరాణా చీటీ, పాల లెక్క, కరెంటు బిల్లు వాళ్ల చేతికివ్వండి. ముందు అంచనా చెప్పమనండి, తర్వాత గుణించమనండి, చివరకు ఇంకో దారిలో సరిచూడమనండి. సెల్‌ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది కదా అంటారు. ఉంది, గుణకారంలో అది తప్పదు. కానీ మనం 0.025 బదులు 0.25 నొక్కితే అదేం చేస్తుంది? నొక్కినదానికే జవాబు చెబుతుంది. సరైన చోట చుక్క పెట్టవలసింది మనమే.

మొన్న కుట్టుమిషను ఖాలాగారు మళ్లీ కనిపించారు. మనవడు ఇప్పుడు పదో తరగతికి వచ్చాడట. వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్లు లెక్కలు పట్టుకుని వాడి దగ్గరకే వస్తున్నారట. "ప్రతి లెక్కా రెండుసార్లు కడుతున్నాడు భాయ్ సాబ్. ఒకసారి చుక్కతో గుణించి, ఇంకోసారి నలభైతో భాగించి" అంది. ఆమె చేతికి గాజు ఉంది.